గుజ్జు మళ్లీ పెరుగుతుందా? మోకాలి సూదుల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నల్లగొండ, పాలమూరు వైపు నుంచే వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే మాట, గుజ్జు. "గుజ్జు అరిగిందన్నరు", "గుజ్జు పెరిగే సూది ఉందట గదా సార్". అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ సూదులకే ఇస్తున్నాను. నేను ఎముకల డాక్టర్‌ని, అవసరమైన వాళ్లకు ఈ సూదులు వేస్తాను కూడా. అయినా, ఇవి ఏం చేయగలవో ఏం చేయలేవో పైసలు కట్టకముందే మీకు తెలియాలని నా కోరిక.

ప్రశ్న: మాది చండూరు దగ్గర పల్లె. అమ్మకు 58 ఏండ్లు. చిన్నప్పటి నుంచి నాట్లు, కలుపు, పత్తి ఏరుడు అన్నీ చేసింది. ఇప్పుడు కింద కూర్చుంటే ఒకరు చెయ్యి పట్టి లేపాలి, బస్సు మెట్లు ఎక్కాలంటే కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. హైదరాబాద్‌లో చూపిస్తే ఎక్స్‌రే తీసి అరుగుదల నాలుగు గ్రేడ్లలో మూడోది అన్నారు. ఆపరేషన్ వద్దనుకుంటే పీఆర్‌పీ అనే సూది మూడుసార్లు వేస్తే గుజ్జు మళ్లీ వస్తుందన్నారు, ఒక్కోదానికి 15 వేలు. గొర్రెలు అమ్మి వేయిద్దామనుకుంటున్నాం. వేయించాలా సార్?

జవాబు: తమ్ముడూ, గొర్రెల్ని ఇప్పుడే అమ్మొద్దు. మొత్తం చదివి, అమ్మకు కూడా చదివి వినిపించి అప్పుడు ఆలోచించండి.

మనం గుజ్జు అంటున్నది మోకాలిలో ఎముకల చివర్ల మీద ఉండే నున్నటి తెల్లటి పొర. దానికి రక్తనాళాలు లేవు. చేతికి కొడవలి తెగితే వారంలో మానుతుంది, ఎందుకంటే అక్కడికి రక్తం వస్తుంది, రక్తంతో పాటు గాయాన్ని బాగుచేసే సరుకంతా వస్తుంది. ఈ పొరకు ఆ దారి లేదు కాబట్టి ఒకసారి అరిగితే తనంతట తాను మళ్లీ పెరగదు. పీఆర్‌పీ ఆలోచన ఇక్కడి నుంచే పుట్టింది. రక్తం అక్కడికి పోకపోతే మనమే తీసుకుపోదాం అని. మీ అమ్మ చేతి నుంచి 20 నుంచి 60 మిల్లీలీటర్ల రక్తం తీసి, మిషన్‌లో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని వేరుచేసి మోకాలిలోకి ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లలో కణాల పెరుగుదలకు పనికొచ్చే ప్రొటీన్లు ఉన్న మాట నిజమే. సొంత రక్తమే కాబట్టి పెద్దగా పడకపోవడం కూడా ఉండదు.

ఆలోచన బాగుంది. మరి మోకాలిలో జరిగిందేమిటి? ఆస్ట్రేలియాలో 288 మందిని రెండు భాగాలు చేసి, సగం మందికి వారానికి ఒకటి చొప్పున మూడు పీఆర్‌పీ సూదులు, మిగతా సగానికి ఉత్త సెలైన్ నీళ్లు ఎక్కించారు, ఎవరికి ఏది పడిందో వాళ్లకు తెలియకుండా. ఏడాది తర్వాత నొప్పిలోనూ, ఎమ్మారైలో కొలిచిన గుజ్జులోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2021లో వచ్చిన పరిశోధన ఇది. దీనికి భిన్నంగా, అరుగుదల తక్కువగా ఉన్నవాళ్లకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా నొప్పి తగ్గిందని చూపించిన చిన్న పరిశోధనలూ ఉన్నాయి. ఒక్కో చోట రక్తం తిప్పే పద్ధతి ఒక్కోలా ఉంటుంది, ఎక్కించే ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కోలా ఉంటుంది, అందుకే ఫలితాలు కూడా ఒకదానికొకటి కలవవు. అమెరికా కీళ్లవాతం డాక్టర్ల సంఘం 2019లో మోకాలికి పీఆర్‌పీ వద్దని గట్టిగానే చెప్పింది, అదే దేశపు ఎముకల డాక్టర్ల సంఘం 2021లో నొప్పి కొంత తగ్గవచ్చు అంది. పెద్దవాళ్లే ఒక మాట మీద లేరు. అయితే గుజ్జు తిరిగి పెరిగిందని మాత్రం గట్టి రుజువు చూపించిన వాళ్లు లేరు. "మళ్లీ వస్తుంది" అన్న ఆ మాట తప్పు తమ్ముడూ, ఎంత పెద్ద ఆసుపత్రిలో చెప్పినా తప్పే.

నేను ఎవరికి వేస్తానంటే, ఒకటి రెండు గ్రేడ్లలో ఉండి, కాలు ఇంకా వంకర తిరగకుండా, మూడు నెలలు వ్యాయామం నిజంగా చేసి కూడా నొప్పి తగ్గని వాళ్లకు, అదీ అప్పు చేయకుండా ఖర్చు పెట్టుకోగలిగితేనే. మూడో గ్రేడ్‌లో కొందరికి పనిచేయవచ్చు, నాలుగో గ్రేడ్‌లో మాత్రం వేయను. మీ అమ్మకు సూది కంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి, వాటికి గొర్రెలు అమ్మక్కర్లేదు.

అన్నిటికంటే ముందు తొడ కండరం. మోకాలి మీద పడే బరువును మోయడంలో పెద్ద సాయం అదే, నొప్పి వల్ల కాలు వాడకపోతే రెండు నెలల్లో అది పలచబడిపోతుంది, అప్పుడు బరువంతా అరిగిన చోటే పడి నొప్పి ఇంకా పెరుగుతుంది, నొప్పి పెరిగిందని ఇంకా తక్కువ నడుస్తారు. చాలామంది అమ్మలు ఈ సుడిలోనే చిక్కుకుంటారు. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద తువ్వాల చుట్టి పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కి మనసులో పది లెక్కపెట్టి వదలాలి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. ఇది అలవాటయ్యాక కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా లేపి పట్టుకోవడం, ఆ తర్వాత చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదటి రెండు వారాలు కొంచెం సలుపుతుంది, భయపడి ఆపొద్దు. ఫలితం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. చాలామంది మూడో వారంలోనే మానేస్తారు, అది చూస్తే నాకు బాధేస్తుంది, ఇంకొన్నాళ్లు పట్టుబడితే తగ్గేదే గదా అని. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో, బీబీనగర్ ఎయిమ్స్‌లో ఎముకల విభాగం ఉంది. ఒక్కసారి అక్కడ ఫిజియోథెరపీ వాళ్లతో దగ్గరుండి నేర్పించుకోండి, తర్వాత ఇంట్లోనే చేసుకోవచ్చు.

బరువు ఎక్కువుంటే తగ్గించాలి. కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. ఐదు కిలోలు తగ్గిన మనిషికి అడుగడుగునా ఇరవై కిలోలు దించినట్టే. నొప్పి ఉన్న చోట డైక్లోఫెనాక్ జెల్ రాయండి, రోజూ గోళీలు మింగే దానికంటే కడుపుకీ కిడ్నీకీ అది మేలు. కింద కూర్చుని వండే పొయ్యిని గట్టు మీదికి ఎక్కించండి, లెట్రిన్‌లో కమోడ్ పెట్టించండి, అంత వీలు లేకపోతే మధ్యలో రంధ్రం ఉన్న స్టూల్ దొరుకుతుంది, అది వేయండి. పత్తి ఏరేటప్పుడు చిన్న పీట వెంట తీసుకుపొమ్మనండి. పని మానేయమని నేను అనను, మానేసి ఎట్లా బతుకుతారు? గొంతుక్కూర్చునే పని మటుకు ఇంట్లో ఇంకొకరు పంచుకోండి.

ఇవన్నీ చేసి, అప్పటికీ పీఆర్‌పీ వేయించాలనిపిస్తే వేయించండి, నేను అడ్డు చెప్పను. కాకపోతే నిలబెట్టి తీసిన ఎక్స్‌రే చూపించి గ్రేడ్ ఎంతో చెప్పమనండి. వారం ముందు నుంచి నొప్పి గోళీలు ఆపమంటారు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. సూది వేశాక రెండు మూడు రోజులు నొప్పి, వాపు మామూలే. మోకాలు ఎర్రగా వేడిగా ఉబ్బి జ్వరం వస్తే మాత్రం లోపల చీము పట్టిందేమోనని అనుమానించాలి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

ప్రశ్న: నాకు 52 ఏండ్లు, జడ్చర్ల. ఇరవై ఐదేండ్లుగా లారీ నడుపుతున్నా. ఫోన్‌లో ఒక వీడియో చూసి ఫోన్ చేస్తే స్టెమ్ సెల్ చికిత్స అని, తుంటి ఎముకలోంచి మజ్జ తీసి మోకాలిలో పెడతారట, రెండు మోకాళ్లకు మూడు లక్షలు, వంద శాతం గ్యారంటీ అన్నరు. ఈ నెలలో కడితే తగ్గింపు కూడా ఇస్తమన్నరు.

జవాబు: అన్నా, వంద శాతం గ్యారంటీ అన్న దగ్గరే ఫోన్ పెట్టేయాల్సింది. వైద్యంలో ఆ మాట ఎవరూ అనలేరు.

స్టెమ్ సెల్స్ అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు. ఇవి తగిన వాతావరణంలో గుజ్జు కణాలుగా మారగలవు, ల్యాబ్‌లో అది చూపించారు. మోకాలిలో పెడితే ఏమైందన్నది వేరే సంగతి. అమెరికాలో 475 మంది మీద పెద్ద పరిశోధన చేశారు, ఫలితం 2023లో వచ్చింది. ఎముక మజ్జ నుంచి తీసినవి, కొవ్వు నుంచి తీసినవి, బొడ్డుతాడు నుంచి తీసినవి, ఈ మూడు రకాలనూ మామూలు స్టెరాయిడ్ సూదితో పోల్చారు. ఏడాది తర్వాత నొప్పి విషయంలో మూడింటిలో ఏ ఒక్కటీ స్టెరాయిడ్‌ను దాటలేదు. లక్షల ఖరీదు చేసే చికిత్స కొన్ని వందల సూదితో సమానంగా నిలబడిందన్నమాట.

మన దేశంలో నియమం ఏమిటో కూడా తెలుసుకోండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త జబ్బుల్లో చేసే మజ్జ మార్పిడిలాంటివి తప్పిస్తే స్టెమ్ సెల్ చికిత్సలు పరిశోధన కిందికే వస్తాయి, అంటే అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చేయాలి, ట్రయల్‌లో చేరిన మనిషి దగ్గర చికిత్సకు పైసలు తీసుకోకూడదు. ఆ తర్వాత 2022లో దాతల మజ్జ నుంచి పెంచిన కణాలతో బెంగళూరులో తయారైన ఒక మందుకు, రెండు మూడు గ్రేడ్ల మోకాలి అరుగుదలకు వాడుకోవచ్చని కేంద్ర మందుల నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. మీకు ఫోన్‌లో చెప్పింది అది కాదు, మీ తుంటిలోంచే తీసి పెడతామంటున్నారు కదా. ఏ అనుమతి కింద చేస్తున్నారో కాగితం మీద రాసివ్వమనండి, ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రాసివ్వడానికి వెనకాడితే కట్టొద్దు, ఆ మూడు లక్షలు ఇంట్లోనే ఉండనీయండి. రేపు నిజంగా మోకాలు మార్పిడి ఆపరేషన్ దాకా వస్తే అప్పుడు పనికొస్తాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు అయింది, మీ కార్డు మీద ఏ ఆపరేషన్లు వస్తాయో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంకో మాట, క్లచ్ తొక్కే ఎడమ మోకాలే ఎక్కువ నొస్తుందా? సీటు బాగా ముందుకు, కిందికి ఉంటే మోకాలు మరీ ముడుచుకుని పనిచేయాల్సి వస్తుంది. సీటు సరిచేసుకుని, రెండు గంటలకోసారి దిగి ఐదు నిమిషాలు నడవండి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. నాకు 61. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగినం. నడుము వంగదు, మెడ తిరగదు, మోకాళ్లు, చేతి కీళ్లు అన్నీ పట్టేసినట్టుంటయి. మా ఊళ్లె ఇద్దరు ముగ్గురు పీఆర్‌పీ వేయించుకుని గుణం లేదంటున్నరు. ఫ్లోరైడ్ నొప్పులకు ఈ సూది పనిచేస్తదా?

జవాబు: పనిచేయదమ్మా. ఈ జవాబును మునుగోడు, నాంపల్లి, దేవరకొండ వైపు పాఠకులందరూ చదవాలని అడుగుతున్నాను.

పైన చెప్పిన అరుగుదల వేరు, ఫ్లోరోసిస్ వేరు. ఫ్లోరైడ్ ఏండ్ల తరబడి ఎముకలోకి చేరితే ఎముక మందంగా బరువుగా తయారవుతుంది, ఎముకలను కలిపి ఉంచే తాళ్లలాంటి లిగమెంట్లలో సున్నం పేరుకుని అవి గట్టిపడతాయి. వెన్నులో అదే జరిగితే నడుము కర్రలా బిగుసుకుపోతుంది, లోపల నరాల దారి కూడా ఇరుకవుతుంది. ఇది మోకాలి లోపలి పొర ఒక్కటి అరిగిన జబ్బు కానే కాదు, అందుకే మోకాలిలోకి ఎక్కించిన ఏ సూదీ దీని దగ్గరికి పోలేదు. మీ ఊరి వాళ్లకు గుణం కనిపించకపోవడానికి ఇదే కారణం అయి ఉండొచ్చు.

ఇంట్లోనే మూడు పనులు చేసి చూడండి. మోకాళ్లు వంచకుండా వంగి కాలి బొటనవేలు అందుకోగలరా? గదవను రొమ్ముకు ఆనించగలరా? చేతులు పక్కకు చాచి, మోచేతులు మడిచి తల వెనక్కి పెట్టగలరా? ఈ మూడూ చేయలేకపోతే, అందులోనూ బోరు నీళ్ల ఊరు అయితే, ముంజేతి ఎక్స్‌రే తీయించుకోండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడటం ఫ్లోరోసిస్‌కు పెద్ద గుర్తు. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంది.

నీళ్ల సంగతి. లీటరుకు 1 మిల్లీగ్రామ్ దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. కాగబెట్టిన నీళ్లే తాగుతున్నం గదా అని ధైర్యంగా ఉన్న ఇండ్లు నేను చాలా చూశాను, వాళ్లకు ఇది చెప్పిన ప్రతిసారీ మొఖాలు చిన్నబోయేవి. మన జిల్లా పేరుతోనే నల్లగొండ టెక్నిక్ అని ఉంది, పటికా సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతి, 1970ల్లో నాగపూర్ నీరి సంస్థ వాళ్లు తయారుచేశారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు మిషన్ భగీరథ నల్లాల్లో వస్తున్నాయి కాబట్టి అంత కష్టం అక్కర్లేదు, కానీ నల్లా నీళ్లు తాగి, వంటకు మాత్రం బోరు నీళ్లు పట్టే ఇండ్లు ఇంకా ఉన్నాయి. అన్నం, పప్పు ఆ నీళ్లలోనే ఉడికితే ఫ్లోరైడ్ లోపలికి పోయినట్టే. వంటక్కూడా నల్లా నీళ్లే వాడండి. నల్ల ఉప్పు, పాలు లేని డికాషన్ టీ, పొగాకు తగ్గించండి, వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పాలు, పెరుగు, మునగాకు, ఉసిరి, జామ తినండి.

ఎముకలో చేరిన ఫ్లోరైడ్ నీళ్లు మార్చిన మర్నాడే పోదు, ఏండ్లు పడుతుంది, బిగుసుకున్న వెన్ను పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు. అయినా కొత్తగా చేరేది ఆగితే నొప్పి నెమ్మదిగా తగ్గిన వాళ్లున్నారు. కాళ్లు తిమ్మిర్లు ఎక్కినా, నడుస్తుంటే తూలినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి రండి, నరం నొక్కుకుంటోందన్నమాట.

ప్రశ్న: అచ్చంపేట దగ్గర. పుణెలో మేస్త్రీ పనికి పోతా. కుడి మోచేయి బయటి పక్క విపరీతమైన నొప్పి, తాపీ పట్టుకోలేకపోతున్న. అక్కడ పీఆర్‌పీ వేస్తమన్నరు. వయసు 36.

జవాబు: దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు, టెన్నిస్ ఆడని మేస్త్రీలకు, పెయింటర్లకే ఎక్కువ చూస్తాను. కండరం ఎముకకు అతుక్కునే చోట దెబ్బ తింటుంది, ఎక్కువమందికి ఏడాది లోపు దానంతట అదే నయమవుతుంది. పీఆర్‌పీ మీద ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే సెలైన్ సూది కంటే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. స్టెరాయిడ్ సూది వేస్తే నెల రోజులు హాయిగా ఉంటుంది కానీ, ఏడాదికి చూస్తే వేయించుకోని వాళ్ల కంటే వెనకబడుతున్నారు, దాని జోలికి పోవద్దు. తాపీ పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి, బరువు ఎత్తేటప్పుడు అరచేయి పైకి ఉండేలా ఎత్తండి, మోచేతి కింద కట్టే పట్టీ వాడండి. అరకిలో బరువు చేత్తో పట్టుకుని మణికట్టును మెల్లగా కిందికి దించే వ్యాయామం రోజూ చేయండి.

ప్రశ్న: మిర్యాలగూడ. షుగర్ ఉంది. మోకాళ్ల నొప్పికి మా ఊరి ఆర్‌ఎంపీ నెలకోసారి సూది వేస్తడు, తెల్లారే లేచి నడుస్త. ఇది మంచిదేనా?

జవాబు: తెల్లారేసరికి లేపిందంటే అది స్టెరాయిడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఏ సూదో పేరు కాగితం మీద రాయించుకోండి. మోకాలిలోకి మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు స్టెరాయిడ్ వేసి చూసిన 2017 పరిశోధనలో, సెలైన్ వేసిన వాళ్లకంటే వీళ్లకే గుజ్జు ఎక్కువ అరిగింది, నొప్పిలో తేడా కూడా లేదు. మీది నెలనెలా. షుగర్ ఉన్నవాళ్లకు సూది వేసిన కొన్ని రోజులు షుగర్ ఎగబాకుతుంది, చీము పట్టే ప్రమాదమూ ఎక్కువే. వాపు వచ్చి అసలు కాలు కదపలేనప్పుడు ఏడాదిలో ఒకటి రెండుసార్లు ఎముకల డాక్టర్ దగ్గర వేయించుకుంటే తప్పులేదు. సూదితో పాటు రోజూ గోళీలు కూడా ఇస్తుంటే వాటిలోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు, అలాంటివి ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తూలిపోతుంది, ప్రమాదం, డాక్టర్‌కి చూపించి మెల్లగా తగ్గించుకోవాలి. కిడ్నీ పరీక్ష, క్రియాటినిన్, ఈ వారంలోనే చేయించండి.

ప్రశ్న: వనపర్తి. రోజూ పొద్దున మేక కాళ్ల పాయ తాగితే గుజ్జు వస్తదని మా అత్తమ్మ తాగుతుంది. జెల్ సూది కూడా వేయిస్తే తొందరగా వస్తదా?

జవాబు: పాయలో ఉన్న జిగురు పదార్థం కడుపులోకి పోగానే మిగతా మాంసకృత్తుల్లాగే అరిగి ముక్కలైపోతుంది, నేరుగా మోకాలికి చేరదు. ఇష్టమైతే తాగనీయండి, మీద తేలిన నూనె తీసేసి ఇవ్వండి. జెల్ సూది అంటే హైలురోనిక్ యాసిడ్, కీలులో ఉండే జిగట ద్రవం లాంటిది, గుజ్జును పెంచదు, మోకాలి అరుగుదలకు దీన్ని ఇవ్వొద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2022లో చెప్పాయి. అత్తమ్మకు పొద్దున లేవగానే గంటకు పైగా కీళ్లు బిగుసుకుని ఉంటున్నాయా, వేళ్ల కణుపులు కూడా వాస్తున్నాయా, అది గమనించి రాయండి. అట్లయితే అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు, దానికి సూదులతో పనిలేదు, రక్తపరీక్ష చేసి వేరే గోళీలు తొందరగా మొదలుపెట్టాలి, ఆలస్యమైతే వేళ్లు వంకర తిరుగుతాయి.